వరుసకు ముందు పుట్టిన చప్పట

కేంద్ర కార్యాలయం, నిబంధనల విభాగం,
తెరుచుకోని కిటికీ పక్క బల్ల

అక్కకు,

ఒక ఉద్యోగి పనిచేసే చోట ఏదైనా వింత సంభవించినచో, సదరు ఉద్యోగి మొదట దానిని వింతగా గుర్తించి, పిమ్మట పై అధికారికి నివేదించి, ఆ పై అధికారి అది వింత కాదని ధ్రువీకరించిన మీదట మాత్రమే ఆశ్చర్యపడవలెనని మన సంస్థ నియమావళి చెబుతున్నది. సదరు ఉద్యోగి ఈ విభాగపు అధికారికి స్వయానా అక్క అయిన పక్షంలో అనుసరించవలసిన పద్ధతి మాత్రం అందులో లేదు. దానిని రాసిన పెద్దమనిషికి అక్కలు లేరని నా అనుమానం. కనుక ఈ ఉత్తరాన్ని సగం అధికారిగా, సగం తమ్ముడిగా రాస్తున్నాను. ఏ సగం ఎక్కడ మొదలవుతుందో నీకు విడమరచి చెప్పనక్కర్లేదు.

విషయానికి వస్తాను. మీ కాలేజీ ప్రిన్సిపాల్ గారి లేఖ ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. దాని సారాంశం ఇది. బావ పోయాక, ఆయన చెప్పవలసిన క్వాంటం పాఠాలను నువ్వు చేతిలోకి తీసుకున్నావు. మూడో సంవత్సరం పిల్లల్ని ఒకరి వెనక ఒకరిని నిలబెట్టి, భౌతిక శాస్త్ర విభాగపు పొడవాటి వరండాలో చప్పట్లు కొట్టిస్తూ నడిపిస్తున్నావు. నడిచేవారి కంటే వినబడే చప్పట్లు ఒకటి ఎక్కువగా ఉంటున్నాయి. పిల్లలు భయపడుతున్నారట. భయం పాఠ్యప్రణాళికలో లేదు కనుక ఆ నడకను మాన్పించి వరండాకు తాళం వేయించమని ఆయన కోరిక.

అదనపు శబ్దాలకు మన కార్యాలయం మూడు కారణాలను గుర్తిస్తుంది: మనుషులు, ఎలుకలు, నీటి గొట్టాలు. వీటిలో ఒకదాన్ని ఎంచుకుని తిరుగుటపాలో తెలియజేయి. నాలుగోది రాస్తే దాన్ని పెట్టడానికి నా దగ్గర ఫైలు లేదు.

ఇక తమ్ముడిగా. బావ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆ పాఠం వేరొకరు చెబితే కొంప మునిగిపోతుందా? నీ గుండె సంగతి డాక్టరుకు చూపించుకుంటానన్నావు. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఏమన్నాడో రాయి.

నీ తమ్ముడు


భౌతిక శాస్త్ర విభాగం,
వరండా చివరి గది

ఒరేయ్ అధికారీ,

నీ ఉత్తరం అందింది. అందులో తమ్ముడు నాలుగు పంక్తులే ఉన్నాడు. మిగతా అంతా కుర్చీయే మాట్లాడింది. అయినా అడిగావు కాబట్టి క్రమంగా చెబుతాను.

మీ బావ ఒక సోమవారం తరంగ వేగం చెప్పి, సమూహ వేగం రేపు చెబుతానని బోర్డు తుడవకుండా వచ్చేశారు. ఆ రాత్రి నిద్రలోనే పోయారు. పిల్లలకు సగం పాఠమే మిగిలింది. సగం పాఠం ఎంత ప్రమాదమో నీకు తెలియదు. మీ నియమావళి మొత్తం అలాంటి సగం పాఠాలతోనే తయారైంది. అందుకని మిగతా సగం నేను చెప్పడానికి వెళ్ళాను. కాంతి శాస్త్రం చెప్పుకునే దాన్నే కానీ, ముప్పై ఏళ్ళు భోజనాల బల్ల దగ్గర క్వాంటం విన్నదాన్ని.

వరండా నడక ఆయన కనిపెట్టిందే. ఎలక్ట్రాన్ అనేది ఒంటరి అల కాదు, అలల గుంపు అని చెప్పడానికి. గుంపు ఎక్కడుంటే ఎలక్ట్రాన్ అక్కడున్నట్టు. ఆ గుంపు నడిచే వేగం సమూహ వేగం; లోపల ఒక్కొక్క అల నడిచే వేగం తరంగ వేగం. ఈ రెండూ ఒకటి కావని బోర్డు మీద చెబితే పిల్లలు రాసుకుంటారు, నమ్మరు. కాళ్ళతో చెబితే నమ్ముతారు.

వరుస ఒక్కో తాళానికి నేల మీది రెండు పలకల చొప్పున ముందుకు నడుస్తుంది. మనిషికీ మనిషికీ మధ్య దూరం ఒక పలక. అందరికంటే ముందున్నవాడు చప్పట కొడతాడు. తర్వాతి తాళానికి వాడి వెనకవాడు, ఆ తర్వాత వాడి వెనకవాడు. నడిచేవాళ్ళకి చప్పట వెనక్కి పోతున్నట్టు ఉంటుంది. గోడ పక్కన నిలబడి చూసేవాడికి మాత్రం అదీ ముందుకే వెళుతుంది, తాళానికి ఒకే ఒక్క పలక. అంటే వరుస వేగంలో సరిగ్గా సగం. నెమ్మదిగా పోయే ఎలక్ట్రాన్‌లో జరిగేది అదే. అల గుంపు ముందు పుడుతుంది, గుంపు దాన్ని దాటుకుంటూ పోతుంది, చివరికది గుంపు వెనక ఆరిపోతుంది. గుంపు నడుమ బలం ఎక్కువ, రెండు కొసల్లో తక్కువ. కాబట్టి మధ్యలో వాళ్ళు గట్టిగా, ముందూ వెనకా ఉన్నవాళ్ళు మెల్లగా కొట్టాలి. మీ బావ ఎప్పుడూ అందరికంటే ముందు నడిచేవారు. ఆయన చప్పట రెండు వేళ్ళు కలిపినంత. వినీ వినబడనట్టు.

ఇప్పుడు ముందు నేను నడుస్తున్నాను. నేను కొట్టబోయే ముందు తాళానికి, నా ముందున్న ఖాళీ పలక మీద, రెండు వేళ్ళు కలిపినంత చప్పుడు అవుతోంది.

ఎలుకలు కాదు, ఎలుకలకు తాళం తెలియదు. గొట్టాలు కాదు, అవి మేడ అవతలి పక్కనున్నాయి. ప్రిన్సిపాల్ గారు వచ్చి విని, "ప్రతిధ్వని అయ్యుంటుందమ్మా" అన్నారు. ధ్వని కంటే ముందు వచ్చే ప్రతిధ్వని మా శాస్త్రంలో ఇంకా పుట్టలేదని మనవి చేశాను. ఆయన "పుడుతుందిలెండి" అని వెళ్ళిపోయారు. ఒంటి చేత్తో చప్పట్లు మోగవంటారు. ఇక్కడ చేతులే లేకుండా మోగుతోంది. నీ దగ్గర నాలుగో ఫైలు లేకపోతే కుట్టించు.

డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. వరండాలో మెట్లు లేవు.

నీ అక్క


కేంద్ర కార్యాలయం,
అదే బల్ల

అక్కకు,

నీ వివరణ అందినది. దానిని ముమ్మారు చదవడమైనది. మూడోసారి అర్థమైనట్టు అనిపించి, భయమేసి, మళ్ళీ చదవలేదు.

నీ మాటను రూఢి చేసుకొనుటకు మా గ్రంథాలయం నుంచి ఒక పుస్తకం తెప్పించాను. అందులో ఎలక్ట్రాన్ తాలూకు తరంగ వేగం కాంతి వేగాన్ని మించుతుందని ఉంది. నువ్వేమో వరుసలో సగం అంటున్నావు. ఒకే ఉద్యోగి ఒకే సమయంలో కాంతి కంటే వేగంగానూ, తనకంటే నెమ్మదిగానూ నడిచినట్టు నమోదు చేస్తే ఆడిట్ వాళ్ళు నన్ను ఊరుకోరు. రెండింటిలో ఏది ఖరారు చేయాలో చెప్పు.

ఇంకొక సందేహం. ఆ చప్పుడు నువ్వు నడుస్తున్నప్పుడే వినబడుతుందా, నిలబడి ఉన్నప్పుడు కూడానా? ఊరికే అడుగుతున్నాను. ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది, ఎక్కడికీ పోలేదు. కంగారుపడకు.

"మెట్లు ఎక్కొద్దన్నాడు" అని రాశావు. డాక్టర్లు ఆ ఒక్క ముక్క చెప్పి ఊరుకునే మనుషులు కారు. మిగతా ముక్కలు ఎక్కడ దాచావు? చిన్నప్పుడు జ్వరం వస్తే థర్మామీటరు దులిపి అమ్మకు ఇచ్చేదానివి. ఇప్పుడు ఎవరికి దులుపుతున్నావు?

తమ్ముడు


భౌతిక శాస్త్ర విభాగం,
తరగతులయ్యాక

తమ్ముడూ,

ముందు నీ ఆడిట్ సంగతి. రెండూ సరైనవే. శక్తిని ఎక్కడి నుంచి లెక్కపెట్టడం మొదలుపెడతావన్నదాన్ని బట్టి అల వేగం మారిపోతుంది. ఎలక్ట్రాన్ ఊరికే కూర్చుని ఉన్నా దాని బరువులో దాగి ఉండే శక్తిని కూడా కలిపితే అల కాంతిని మించుతుంది. నడకలో శక్తిని మాత్రమే లెక్కిస్తే సగానికి దిగుతుంది. ఎలా లెక్కపెట్టినా గుంపు వేగం మాత్రం మారదు. అందుకే గుంపును కొలవగలం; ఒంటరి అలను ఎవరూ సాక్ష్యానికి పిలవలేరు. మీ బావ అనేవారు, "అల ఉందా అని అడగకండి. అది లేకుండా గుంపును కట్టి చూపించండి, అప్పుడు మాట్లాడదాం" అని. ఇప్పుడు నా స్థితి అదే. ఆయన ఉన్నారని సంతకం పెట్టలేను. లేరనీ పెట్టలేను.

రెండో సందేహం. నిలబడితే వినబడదు. నడిస్తేనే.

ఇక మిగతా ముక్కలు. వరస తప్పకుండా రాస్తాను, మధ్యలో అరవకు.

ప్రతిసారీ ఏమవుతుందో తెలుసా? చప్పుడు నా ముందు పుడుతుంది. నేను రెండు పలకలు వేస్తే అది ఒక్కటే వేస్తుంది. కాబట్టి మరుసటి తాళానికి నేను దాని మీద ఉంటాను, ఆ మరుసటికి దాన్ని దాటిపోతాను. అది నా వెనకమ్మాయి చేతుల్లోకి, ఇంకా వెనక్కి వెళ్ళి ఆరిపోతుంది. ఆయన్ని దాటిపోవడమే నా పనైంది. ఇదివరకు వారానికి ఒక్క నడకే. ఇప్పుడు పిల్లలు వెళ్ళాక నేనొక్కదాన్నే నడుస్తున్నాను. ఒంటరిగా నడిస్తే సన్నగా ఉంటుంది. వేగం పెంచితే స్పష్టమవుతుంది. అందుకని పెంచాను.

పోయిన గురువారం వరండా మధ్యలో కళ్ళు తిరిగాయి. మా తరగతిలో ఒక పొడుగుపిల్ల ఉంది, అందరూ జిరాఫీ అంటారు. ఆ పిల్ల మరచిపోయిన గొడుగు కోసం వచ్చి, నేను గోడ పట్టుకుని ఉండటం చూసి కూర్చోబెట్టింది.

"మేడం, ఎవరితో పందెం వేసుకున్నారు?" అంది.

"ఎవరితోనూ లేదు, నడక మంచిదన్నారు."

"ఇది నడకా మేడం? బస్సు వెళ్ళిపోతుంటే వెంటపడినట్టుంది."

"అందింది కదా."

"అందితే ఎక్కాలి కదా, దాటి పరిగెడుతున్నారేంటి" అంది. ఈ కాలం పిల్లలకు నోరు ముందు పుడుతుంది, బుద్ధి దాని వెనక సగం వేగంతో వస్తుంది. కానీ ఆ మాట నన్ను మూడు రోజులు నిద్రపోనివ్వలేదు.

డాక్టరు చెప్పిన మిగతా ముక్కలివి. గుండె కవాటం ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదు. వెంటనే కోసి బాగుచేయాలి. ఈలోగా వేగంగా నడిస్తే ఎక్కడో ఒకచోట కూలిపోతాను, లేవను. రెండుసార్లు తేదీ ఇచ్చారు. రెండుసార్లూ వాయిదా వేయించాను.

ఎందుకంటే ఆపరేషన్ తర్వాత నెలల తరబడి మంచం మీద ఉండాలి. గుంపు పోను పోను పలచబడుతుందిరా. పొడవు పెరిగి ఎత్తు తగ్గుతుంది. మొదట ఎంత బిగువుగా ఉంటే అంత త్వరగా చెదురుతుంది. ఆ చప్పుడు కూడా ఇప్పుడు మునుపటిలా లేదు. మొదట వేళ్ళు కలిపినట్టు ఉండేది. ఇప్పుడు కాగితం మీద కాగితం పెట్టినట్టు ఉంది. నేను లేచి తిరిగొచ్చేసరికి ఏమీ మిగలదు.

అక్క


కేంద్ర కార్యాలయం

అక్కా,

అరవలేదు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని మేడ దిగి వెళ్ళి, వీధిలో నిలబడి, తిరిగొచ్చి రాస్తున్నాను.

నీళ్ళు నమలకుండా చెబుతాను. ఫైలు ఎక్కడికీ పోలేదని రాశాను, అది సగం నిజం. పైకి వెళ్ళి తిరిగి వచ్చింది. వరండా మూసివేత ఉత్తర్వు టైపై నా ముందే ఉంది. అందరి సంతకాలూ అయ్యాయి, నాదే తక్కువ. నీకు కష్టం కలుగుతుందని ఇన్నాళ్ళూ తొక్కిపెట్టాను. నీ ఉత్తరం చదివాక సంతకం పెట్టడమే న్యాయమనిపిస్తోంది. తాళం పడితే నడవవు. నడవకపోతే బతుకుతావు. నన్ను తిట్టుకుంటూ అయినా బతుకుతావు. నాకు ఆ తిట్లు కావాలి. బావ చప్పట కంటే నాకు నీ తిట్లు ముఖ్యం. ఇలా రాసినందుకు బావ ఏమీ అనుకోరు. అనుకున్నా ఇప్పుడు ఎవరికి ఫిర్యాదు చేస్తారు?

కలం రెండుసార్లు ఎత్తాను. రెండుసార్లూ ఒకే చోట ఆగింది. నిషేధించాలంటే ముందు దేన్ని నిషేధిస్తున్నామో నిర్వచించాలి. గుమాస్తా ఇలా రాశాడు: "వరుస అనగా, ఒకే దిక్కుకు, ఒకే వేగంతో నడిచే వ్యక్తుల సమూహము." దీనిలో తప్పుంటే తర్వాత కోర్టులో నిలబడదు. వరుసలో అందరూ ఒకే వేగంతో నడవాలని మీ శాస్త్రంలో నిబంధన ఏదైనా ఉందా? ఉందంటే సంతకం పెట్టేస్తాను. లేదంటే, ఎలా నడవొచ్చో చెప్పు.

ఈసారి థర్మామీటరు దులపకు.

నీ తమ్ముడు


భౌతిక శాస్త్ర విభాగం,
వరండా, గోడ పక్క బెంచీ

తమ్ముడూ,

నీ గుమాస్తా నిర్వచనం తప్పు. ఆ మనిషికి నా తరఫున ఒక జీతం పెంపు ఇప్పించు.

రెండు రోజులుగా బెంచీ మీదే కూర్చున్నాను. నడవలేదు. నీ ప్రశ్నను మడిచి, విప్పి, మళ్ళీ మడిచాను. వరుసలో అందరూ ఒకే వేగంతో నడవాలని ఏ శాస్త్రంలోనూ లేదు. ఒక అలతో కలిసి నడవాలనుకున్న మనిషి గుంపు వేగంతో నడవకూడదు. అల వేగంతో నడవాలి. అంటే సగం.

ఇంత చిన్న విషయం ముప్పై ఏళ్ళు భోజనాల బల్ల దగ్గర విన్నదానికి తట్టలేదు. ఆయన్ని అందుకోవాలని వేగం పెంచాను. పెంచినకొద్దీ దాటిపోయాను. జిరాఫీ ఆ మాట అననే అంది, నాకే బుర్రకెక్కలేదు.

నా లెక్క ఇది. వరుస కదులుతుంది. నా ముందు చప్పుడు పుట్టగానే ఇంకొక్క తాళం రెండు పలకలు వేసి దాని మీదికి చేరి, అక్కడి నుంచి ఒక పలక నడకకు దిగుతాను. పిల్లలు తమ నడక తాము నడుస్తూ ఒక్కొక్కరుగా నా పక్క నుంచి దాటిపోతారు. కాగితం మీద గీసి చూశాను. ఏ తాళానికి ఎవరు చప్పట కొట్టాలో, ఆ తాళానికి వాళ్ళు సరిగ్గా నా భుజం పక్కనే ఉంటారు. ఒక్క తాళం కూడా తప్పదు. అలా ఒకే చప్పటతో వరుస తల నుంచి తోక దాకా నడవొచ్చు. మెల్లగా. డాక్టరు కూడా కాదనలేనంత మెల్లగా.

అయితే తోక దగ్గర అల ఆరిపోతుంది. ఆ తర్వాత నడవడానికేమీ ఉండదు. అది తెలిసే అడుగుతున్నాను.

చివర ఎవరో ఒకరు నిలబడాలి. ఆఖరి చప్పట వాళ్ళ చేతుల్లోనే ఆరిపోతుంది, ఇంకొకరికి అందించడానికి వెనక ఎవరూ ఉండరు. ఆ చోట చిన్నపిల్లల్ని నిలబెట్టడానికి నాకు మనసొప్పదు. నువ్వు రా. నీకు తాళం రాదని తెలుసు. రెండు పలకలు వేయి, నీ వంతు రాగానే చేతులు కలుపు, అంతే. నీ ఉద్యోగంలో ఇంతకంటే కష్టమైన పనులు చేయకుండానే ఇంత పైకి వచ్చావు.

ఒక్కసారే. మర్నాడు ఆసుపత్రిలో చేరతాను. ఈ తేదీని నేను వాయిదా వేయను. ఈ కాగితం దాచుకో, కావాలంటే ముద్ర కొట్టుకో.

అక్క


ఆసుపత్రి, మూడో అంతస్తు,
కిటికీ పక్క మంచం

తమ్ముడూ,

రేపు పొద్దున కోస్తారు. నర్సమ్మ వచ్చి, "ఉత్తరాలు రాయకూడదు, అలిసిపోతారు" అంది. మా తమ్ముడు ప్రభుత్వంతో సమానం, జవాబు ఇవ్వకపోతే నోటీసు పంపుతాడని చెప్పాను. "అయితే ఒక పేజీ" అని బేరం పెట్టింది.

నడక అయ్యాక నిన్నేమీ అడగలేదు. నువ్వూ ఏమీ చెప్పకుండా రైలుకు టైమైందని వెళ్ళిపోయావు. రైలుకు ఇంకా చాలా టైముందని ఇద్దరికీ తెలుసు.

నాకేమైందో రాస్తాను. అది నా ముందు పుట్టింది. కాగితం మీద కాగితం కూడా కాదు, ఇంకా తక్కువ. వినబడిందా లేక ఇక్కడ వినబడాలి అని నేనే అనుకున్నానా, చెప్పలేను. అడుగు తగ్గించాను. మొదటిసారి అది నాలోంచి వెనక్కి జారిపోలేదు. పక్కనే ఉంది. జిరాఫీ వచ్చి నా పక్కన చప్పట కొట్టి దాటిపోయింది. తర్వాత ఇంకొక పిల్ల, ఇంకొక పిల్లవాడు. చేతులు మారుతున్నాయి, చప్పట మారలేదు. మధ్యలో వాళ్ళు వచ్చేసరికి పెద్దదైంది. అంత గట్టిగా ఆయన బతికుండగా ఎప్పుడూ కొట్టలేదు. ఆ తర్వాత మెల్లమెల్లగా తగ్గింది.

మీ బావతో వీధిలో నడవడం ఎలా ఉండేదో నీకు తెలుసు. ఎప్పుడూ పది అడుగులు ముందుండేవారు. "మీరెళ్ళి తలుపు తీసి ఉంచండి, నేను ఎల్లుండి వస్తాను" అనేదాన్ని. "నేను మెల్లగానే నడుస్తున్నాను, నువ్వే ఆలోచిస్తూ నడుస్తావు" అనేవారు. ఈ జన్మలో మేమిద్దరం ఒకే వేగంతో నడిచింది ఆ ఒక్క వరండాలోనే.

మాట్లాడుకున్నామా అంటే, లేదు. భయమేసిందా అంటే, వేసింది. ఆయన గురించి కాదు. తల తిప్పి చూస్తే వెనక నుంచి నీ బట్టతల దగ్గరవుతోంది, ఇంకా మూడు పలకలే, ఇంకా రెండే అని.

నీ చేతులు కలిశాయి. నాకేమీ వినబడలేదు. నీకేమైనా వినబడిందా? వెనక నుంచి అంతా చూసినవాడివి నువ్వొక్కడివే. నన్ను ఊరడించడానికి ఏదీ కల్పించకు. తమ్ముడిగా రాయలేకపోతే అధికారిగా రాయి.

పేజీ అయిపోయింది.

అక్క


కేంద్ర కార్యాలయం, నిబంధనల విభాగం

అక్కకు,

ఆపరేషన్ బాగా జరిగిందని, కవాటం మూయవలసినప్పుడు మూసుకుంటోందని, నువ్వు లేచి కూర్చోగానే నర్సమ్మతో వాదన పెట్టుకున్నావని డాక్టరు ఫోన్లో చెప్పారు. చదవనివ్వొచ్చు అన్నారు కాబట్టి ఈ ఉత్తరం పంపుతున్నాను. ఈ పై ముక్కలు తప్ప మిగతాది ముందే రాసి, నువ్వు బయటపడేదాకా పంపకుండా సొరుగులో పెట్టుకున్నాను. బయటపడకపోతే దీన్ని ఏం చేయాలో నియమావళిలో లేదు.

అధికారిగానే రాస్తాను. తమ్ముడికి చేతకావడం లేదు.

వినబడినది: ఏమీ లేదు. నా వంతు రాగా చేతులు కలిపితిని. రెండు అరచేతులు ఒకదానికొకటి తాకినవి. చప్పుడు రాలేదు. నేను మెల్లగా కొట్టినందువల్ల రాలేదనుకొని, అందరూ వెళ్ళాక వరండాలో ఒంటరిగా అంతే మెల్లగా కొట్టి చూచితిని. వచ్చినది.

చూచినది: నీవు వరుసకు ఎడమ పక్కకు జరిగి సగం వేగంతో నడుచుచుండగా, విద్యార్థులు నీ కుడి పక్క నుంచి దాటిపోయిరి. వరండా ఇరుకు. ఒకరినొకరు రాసుకుంటూ పోవలసిన చోటు. అయినను వారిలో ప్రతి ఒక్కరు కుడి గోడకు భుజం తగిలేంత దూరం జరిగి, నీకూ తమకూ నడుమ ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి నడిచిరి. అట్లు నడవమని వారికి ఎవరూ చెప్పలేదు. నీవు చెప్పలేదని నాకు తెలుసు, నేను చెప్పలేదని నీకు తెలుసు.

రైలుకు టైమైందని బయటికి వచ్చినప్పుడు మెట్ల దగ్గర జిరాఫీ కనబడింది. గోడ సున్నం భుజాన అంటుకుని ఉంది. ఆ సంభాషణ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఏమ్మా, గోడకు రాసుకుంటూ అంత దూరం జరిగి నడిచారెందుకు?"

"తప్పదు కదా సార్, చోటు లేదు."

"మేడం పక్కన అంత ఖాళీ ఉంది కదమ్మా."

ఆ పిల్ల నా వైపు జాలిగా చూసింది. పెద్దవాళ్ళకు చూపు మందగిస్తుందని తెలిసిన పిల్లలు చూస్తారే, అలా.

"ఖాళీ ఎక్కడుంది సార్?" అంది.

ఆ పిల్ల సున్నం దులుపుకుని వెళ్ళిపోయింది. అప్పుడు వరుసలో ముందు నడిచింది తనే కదా, తన ముందు ఏమైనా వినబడిందా అని అడుగుదామని పిలవబోయి మానుకున్నాను. ఆ ప్రశ్న అడిగే అధికారం నాకు లేదనిపించింది. నీకు ఉంటే కాలేజీకి తిరిగి వెళ్ళాక అడుగు. వద్దనుకుంటే అడగకు.

మూసివేత ఉత్తర్వు మీద సంతకం పెట్టలేదు. దాని స్థానంలో వేరొకటి తయారుచేసి, నిన్న జారీ చేశాను. పై అధికారి చదివి, "ఇదేమిటయ్యా" అన్నారు. క్వాంటం అన్నాను. ఆయన వెంటనే సంతకం చేశారు. నకలు ఈ దిగువన ఇస్తున్నాను.

"ఉత్తర్వు. భౌతిక శాస్త్ర విభాగపు వరండాను మూసివేయవలెనన్న ప్రతిపాదన ఇందుమూలముగా తిరస్కరించడమైనది. సదరు వరండాలో వినబడు శబ్దములకు కారణము మనుషులనియే నమోదు చేయడమైనది. అందు సగం వేగంతో నడుచువారిని వెనుకబడినవారిగా ఎవరును భావించరాదు. అట్లు నడుచువారు ఒంటరిగా కనబడినను, వారికి ఇద్దరికి సరిపడు దారి వదలవలెను. రెండవవారు ఎవరని అడుగరాదు. దారి చాలనిచో గోడ జరుగవలెను. ఈ నిబంధన అంతిమము. దీనిపై అప్పీలు లేదు."